బైపోలార్ డిప్రెషన్: ఏ మందు, ఎంత మోతాదు, ఎక్కడ తేడా వస్తుంది

మీరు రాసిన వివరాలు ఇవి. మీ తమ్ముడికి 28 ఏళ్లు. రెండేళ్ల కిందట మేనియా (మితిమీరిన హుషారు, నిద్ర అక్కర్లేకపోవడం) వస్తే ఆస్పత్రిలో చేర్చారు. అప్పటి నుంచి సోడియం వాల్‌ప్రోయేట్ 500 మి.గ్రా. రెండు పూటలా వేసుకుంటున్నాడు. నాలుగు నెలలుగా డిప్రెషన్. ఎస్సిటలోప్రామ్ 10 మొదలుపెట్టి, నెల తర్వాత 20 చేశారు. నిద్ర కోసమని క్వెటియాపిన్ 50 కలిపారు. అయినా రోజంతా మంచం మీదే ఉంటున్నాడు, స్నానానికి కూడా బతిమాలాల్సి వస్తోంది. ఇంకేం మందులున్నాయి, కరెంటు పెట్టించాలా, పెళ్లి చేస్తే మారతాడా అని మీరు అడిగారు.

మందు మార్చేదీ, మోతాదు నిర్ణయించేదీ అతన్ని చూస్తున్న సైకియాట్రిస్టే. ఆయన్ని ఏం అడగాలో మీకు తెలియాలనీ, ఆయన చెప్పేది మీకు అర్థం కావాలనీ ఇంత వివరంగా రాస్తున్నాను. దీన్ని చూసి ఇంట్లో మాత్రలు ఆపడం, కలపడం చేయకండి.

బైపోలార్ అంటే మేనియా, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే జబ్బు. అందులో అందరి కళ్లలో పడేది మేనియా. మనిషిని ఎక్కువ కాలం కుంగదీసేది మాత్రం డిప్రెషనే. అమెరికాలో జడ్ అనే పరిశోధకుడి బృందం బైపోలార్-1 (పూర్తి స్థాయి మేనియా వచ్చే రకం) ఉన్నవాళ్లను సగటున పన్నెండేళ్లకు పైగా వారం వారం గమనించి 2002లో లెక్క ప్రచురించింది. వాళ్లు దాదాపు 32 శాతం వారాలు డిప్రెషన్ లక్షణాలతో, 9 శాతం వారాలు మేనియా లక్షణాలతో గడిపారు. అయినా ఇంట్లోవాళ్లు మేనియా తగ్గగానే గండం గడిచిందనుకుంటారు. తర్వాత నెలల తరబడి మంచాన పడి ఉంటే దాన్ని బద్ధకమనో, మందుల మత్తనో అనుకుంటారు.

పైకి చూస్తే ఇది మామూలు డిప్రెషన్‌లాగే ఉంటుంది. వైద్యం మాత్రం వేరు. మామూలు డిప్రెషన్‌లో ముందుగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి యాంటీడిప్రెసెంట్లు. బైపోలార్‌లో అవి చాలామందికి గుణం ఇవ్వవు, కొందరిని మేనియాలోకి నెడతాయి. 2007లో వెలువడిన స్టెప్-బీడీ అధ్యయనంలో, మూడ్ స్టెబిలైజర్ (వాల్‌ప్రోయేట్, లిథియం లాంటి, మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) వాడుతున్నవాళ్లలో కొందరికి అదనంగా పారోక్సెటిన్ గానీ బుప్రోపియాన్ గానీ ఇచ్చారు, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నిలకడగా కోలుకున్నవాళ్లు మొదటి గుంపులో 23.5 శాతం, రెండో గుంపులో 27.3 శాతం. అంటే యాంటీడిప్రెసెంట్ కలపడం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అందుకే మీ తమ్ముడి చీటీలో ఎస్సిటలోప్రామ్ 20 ఉండి కూడా మార్పు లేకపోవడం వింత కాదు. ఆ మందునే ఇంకా పెంచడం, దానికి ఇంకో యాంటీడిప్రెసెంట్ కలపడం సరైన దారి కాదు.

అలాగని యాంటీడిప్రెసెంట్ ఎవరికీ పనికిరాదని కాదు. గతంలో దానితో స్పష్టంగా కోలుకున్నవాళ్లు, ఆపిన ప్రతిసారీ డిప్రెషన్ తిరగబెట్టేవాళ్లు కొందరు ఉంటారు. కెనడా, దక్షిణ కొరియా, మన దేశంలో కలిపి చేసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. కోలుకున్నాక యాంటీడిప్రెసెంట్‌ను 8 వారాలకు ఆపడం మంచిదా, ఏడాది కొనసాగించడం మంచిదా అని చూశారు. మొత్తం మీద తేడా గణాంకపరంగా తేలలేదు గానీ, కొనసాగించినవాళ్లలో డిప్రెషన్ తిరగబెట్టడం తక్కువగా కనిపించింది. కాబట్టి మనిషిని బట్టే నిర్ణయం. మూడు సందర్భాల్లో మాత్రం వద్దనే గట్టిగా చెప్పాలి: బైపోలార్-1లో మూడ్ స్టెబిలైజర్ గానీ క్వెటియాపిన్ లాంటి యాంటీసైకోటిక్ గానీ లేకుండా ఒంటరిగా ఇవ్వడం, ఏడాదికి నాలుగైదు సార్లు మూడ్ మారేవాళ్లకు ఇవ్వడం, దిగులుతో పాటే ఆలోచనలు పరుగెత్తుతూ, చిరాకు, నిద్రలేమి కలగలిసి ఉన్నవాళ్లకు ఇవ్వడం. ఎమిట్రిప్టిలిన్ లాంటి పాత రకాలతోనూ, వెన్లాఫాక్సిన్‌తోనూ మేనియా ముప్పు మిగతావాటికంటే ఎక్కువ.

ఆపాలని డాక్టరు నిర్ణయిస్తే ఎస్సిటలోప్రామ్‌ను ఒక్కసారిగా ఆపరు. 20 నుంచి 10, తర్వాత 5, అలా వారాల మీద దించుతారు. టక్కున ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం, చిరాకు వస్తాయి. చూసేవాళ్లు దాన్ని జబ్బు ముదరడం అనుకుంటారు.

కొత్త మందు రాసే ముందు కొన్ని చూడాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హిమోగ్లోబిన్, బీ12, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ), సోడియం, లివర్ పరీక్షలు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి అచ్చం ఇలాగే మందకొడిగా ఉంటాడు. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లలో ఇంకొకటి ఉంది. మామూలు డిప్రెషన్‌కి మించిన మగత, తికమక, వాంతులు ఉంటే రక్తంలో అమ్మోనియా చూడాలి. లివర్ పరీక్షలు బాగున్నా అది పెరగొచ్చు. మద్యం, గంజాయి ఉన్నాయేమో దాపరికం లేకుండా డాక్టరుకి చెప్పాలి. రోజుకి 14 గంటలు పడుకుంటుంటే అందులో జబ్బు వాటా ఎంత, రాత్రి మాత్ర వాటా ఎంత అన్నది కూడా తేల్చుకోవాలి.

ఇక మందులు. బైపోలార్ డిప్రెషన్‌కి ప్రత్యేకంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందినవి కొన్నే: ఒలాంజపిన్–ఫ్లూఆక్సెటిన్ జంట (2003), క్వెటియాపిన్ (2006), లురాసిడోన్ (2013), కారిప్రజిన్ (2019), లుమాటెపెరోన్ (2021). వీటికి తోడు లామోట్రిజిన్, లిథియం. ఏ వైద్య మార్గదర్శకం తెరిచినా కాస్త అటూఇటూగా ఇవే పేర్లు ఉంటాయి. మనవాళ్ల చీటీల్లో తరచుగా కనిపించే అరిపిప్రజోల్ మేనియాకి మంచి మందే గానీ, బైపోలార్ డిప్రెషన్ మీద చేసిన రెండు పెద్ద పరీక్షల్లోనూ 8 వారాల చివరికి ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు.

క్వెటియాపిన్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మీ తమ్ముడు ఇప్పటికే అది వేసుకుంటున్నాడు. 50 మి.గ్రా. అన్నది నిద్రకి సరిపోయే మోతాదు. డిప్రెషన్ మీద పని చేస్తుందని నిరూపణ అయింది రోజుకి 300 మి.గ్రా. దగ్గర. పరీక్షల్లో మొదటి రాత్రి 50, రెండో రాత్రి 100, మూడో రాత్రి 200, నాలుగో రాత్రి 300 ఇచ్చారు. ఇంటి దగ్గరుండి వాడేవాళ్లకి కొందరు డాక్టర్లు ఇంకాస్త నిదానంగా పెంచుతారు. 600కి పెంచినా 300 కంటే అదనపు లాభం కనిపించలేదు, ఇబ్బందులే పెరిగాయి. "క్వెటియాపిన్ వాడాం, పని చేయలేదు" అనేవాళ్లలో చాలామంది వాడింది 50 నుంచి 100 మధ్య. అది మందు ఓడిపోవడం కాదు, మందు అసలు పరీక్షకే రాలేదు. మీ డాక్టరుని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: దీన్ని 300 దాకా తీసుకెళ్లొచ్చా?

దీన్ని పడుకోబోయే ముందు కాకుండా గంటా రెండు గంటల ముందే వేసుకుంటే పొద్దున మత్తు తగ్గుతుంది. సాదా మాత్ర, ఎస్ఆర్ లేదా ఎక్స్ఆర్ అని రాసి ఉండే నిదానంగా కరిగే మాత్ర వేర్వేరు. రెండోదాన్ని విరగ్గొట్టకూడదు, భారీ భోజనంతో వేసుకోకూడదు. మందుల షాపులో ఒకటి బదులు ఒకటి ఇచ్చేస్తుంటారు, స్ట్రిప్ మీద చూసుకోండి. మొదటి రోజుల్లో మంచం మీంచి గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఓ నిమిషం కూర్చుని లేవాలి. నోరు ఎండటం, మలబద్ధకం, ఆకలి పెరగడం మామూలే. బరువు, షుగర్, కొవ్వు పెరగడం దీనితో అసలైన ఇబ్బంది. మొదలుపెట్టే ముందే బరువు, నడుము చుట్టుకొలత, పరగడుపు షుగర్, లిపిడ్ పరీక్ష రాసి పెట్టుకోవాలి. మూడు నెలలకి ఒకసారి, తర్వాత ఏటా చూడాలి. అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఇది మరీ ముఖ్యం.

బరువు పెరగడం భరించలేనివాళ్లకి లురాసిడోన్ మంచి ప్రత్యామ్నాయం. 20 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 120 దాకా వెళ్తారు. లిథియం గానీ వాల్‌ప్రోయేట్ గానీ వాడుతున్నవాళ్లకి దీన్ని కలపొచ్చు కాబట్టి మీ తమ్ముడి విషయంలో సరిపోయే మందే. చాలామందికి తెలియనిది ఒకటుంది: దీన్ని కనీసం 350 కేలరీల భోజనంతో పాటు వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి పట్టేది సగం మాత్రమే. రెండు ఇడ్లీలు, గ్లాసు మజ్జిగ చాలవు. అన్నం, పప్పు, కూర, పెరుగుతో కడుపు నిండా తిన్న పూట వేసుకోవాలి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు తిండి సరిగా తినరు, రాత్రి ఏమీ తినకుండా మాత్ర మింగి పడుకుంటారు, నెల తర్వాత మందు పట్టలేదంటారు. అతను ఏ పూట బాగా తింటాడో చూసి, డాక్టరుతో మాట్లాడి ఆ పూటకి మార్పించండి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమాజెపిన్‌తో దీన్ని కలపకూడదు. అవి దీన్ని ఒంట్లో నిలవనివ్వవు.

లురాసిడోన్, కారిప్రజిన్ రెండింటితోనూ వచ్చే ఇబ్బంది అకథీసియా. మనిషి ఒకచోట కూర్చోలేడు, కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు, లోపల ఏదో దేవేస్తున్నట్టుంటుంది అంటాడు. ఇంట్లోవాళ్లు దీన్ని ఆందోళన అనో, మేనియా మొదలైందనో అనుకుంటారు. కొన్నిసార్లు డాక్టరు కూడా అలాగే అనుకుని అదే మందు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. భరించలేని అకథీసియా చచ్చిపోవాలన్న ఆలోచనల్ని పెంచగలదు. కాబట్టి తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయాలి. మోతాదు తగ్గించడమో, ఆస్తమా లేనివాళ్లకి ప్రొప్రనలాల్ కొద్ది మోతాదులో ఇవ్వడమో చేస్తారు. కారిప్రజిన్ మోతాదు రోజుకి 1.5 మి.గ్రా., అవసరమైతే 3. ఇది ఒంట్లో వారాల పాటు నిలుస్తుంది. అందువల్ల ఇబ్బందులు మొదటి వారంలో కాకుండా మూడో వారంలో బయటపడొచ్చు, ఆపాక కూడా వెంటనే పోవు.

ఒలాంజపిన్–ఫ్లూఆక్సెటిన్ జంట బాగా పని చేస్తుంది, బరువు కూడా బాగా పెంచుతుంది. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడికి ఏళ్ల తరబడి వాడాల్సిన మందుగా దాన్ని నేను ముందు వరుసలో పెట్టను.

లామోట్రిజిన్ దగ్గర నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ తమ్ముడు వాల్‌ప్రోయేట్ మీద ఉన్నాడు, ఇక్కడ లెక్క తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. డిప్రెషన్ మళ్లీ రాకుండా కాపాడటంలో ఇది గట్టి మందు. బరువు పెరగదు, మత్తు దాదాపు ఉండదు. కానీ త్వరత్వరగా పెంచితే స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన చర్మవ్యాధి రావొచ్చు. అందుకే వేరే మందుల జోక్యం లేనివాళ్లకి మొదటి రెండు వారాలు రోజూ 25 మి.గ్రా., తర్వాత రెండు వారాలు 50, ఐదో వారం 100, ఆరో వారం నుంచి 200. వాల్‌ప్రోయేట్ లామోట్రిజిన్‌ను ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు కాబట్టి అది వాడేవాళ్లకి అన్నీ సగమే: మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 25, తర్వాత రెండు వారాలు రోజూ 25, ఐదో వారం 50, ఆరో వారం నుంచి 100. కార్బమాజెపిన్ వాడేవాళ్లకి దీనికి తలకిందులుగా, మోతాదు ఎక్కువ పడుతుంది. చీటీలో వాల్‌ప్రోయేట్ ఉండి కూడా మొదటి రోజు నుంచే రోజూ 50 అని కనిపిస్తే మాత్ర వేసే ముందే డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

మొదటి ఎనిమిది వారాల్లో ఒంటి మీద ఏ దద్దుర్లు వచ్చినా మాత్ర ఆపి వెంటనే చూపించాలి. జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం నొప్పి పుట్టడం, బొబ్బలు ఉంటే రాత్రయినా సరే ఆస్పత్రి అత్యవసర విభాగానికే వెళ్లాలి. ఊరికి వెళ్లి మాత్రలు మర్చిపోయి ఐదారు రోజులు మానేస్తే, వచ్చాక పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు. మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందే. జనం ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇంకో రెండు సంగతులు ఆడవాళ్ల కోసం: ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తంలో లామోట్రిజిన్‌ను దాదాపు సగానికి దించుతాయి, అవి మొదలుపెట్టినా ఆపినా డాక్టరుకి చెప్పాలి. 2016లో వచ్చిన సీక్వెల్ అధ్యయనంలో ఫోలిక్ యాసిడ్ కలిపి తీసుకున్నవాళ్లలో లామోట్రిజిన్ లాభం కనిపించకుండా పోయింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరే గానీ, మిగతావాళ్లు ఊరికే బలానికని వేసుకోకపోవడం మంచిది.

మోతాదు అందుకోవడానికే ఆరు వారాలు పట్టే మందు ఇవాళ్టి బాధను తీర్చదు. అందుకే క్వెటియాపిన్ లేదా లురాసిడోన్‌తో ఇప్పటి డిప్రెషన్‌ను తగ్గిస్తూ, వెనకాల లామోట్రిజిన్ గానీ లిథియం గానీ భవిష్యత్తు కోసం కడతారు. మీ తమ్ముడి విషయంలో ఈ దారే సబబుగా కనిపిస్తోంది.

లిథియం పేరు చెబితే భయపడతారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దీన్ని మేనియాకి వాడి చూపించాడు. డెబ్బై ఏళ్లు దాటినా జబ్బు తిరగబెట్టకుండా చూడటంలో దీన్ని మించింది రాలేదు. ఆత్మహత్య ముప్పు తగ్గిస్తుందనడానికి ఇంత బలమైన ఆధారం బైపోలార్ మందుల్లో మరి దేనికీ లేదు. ఇప్పటి డిప్రెషన్‌ను తగ్గించడంలో మాత్రం నిదానం. ఇంట్లో ఆత్మహత్య ప్రయత్నం జరిగి ఉన్నా, ఏటా జబ్బు తిరగబెడుతున్నా దీని గురించి తప్పక మాట్లాడాలి.

లిథియానికి రక్తపరీక్ష లేకుండా వైద్యం లేదు. చివరి మాత్ర వేసిన సరిగ్గా 12 గంటలకి రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి, పొద్దుటి మాత్ర వేసుకోకుండా. మోతాదు మార్చిన ఐదు నుంచి ఏడు రోజులకి పరీక్ష. దీర్ఘకాలం వాడేవాళ్లకి రక్తంలో లిథియం లెవెల్ 0.6 నుంచి 0.8 మధ్య ఉండాలి, కొన్నిసార్లు 1.0 దాకా తీసుకెళ్తారు. 0.3 దగ్గర ఏళ్ల తరబడి ఉండి "లిథియం పని చేయలేదు" అనడం సరికాదు. లెవెల్ ఉన్నట్టుండి బాగా ఎక్కువగా వచ్చి, మనిషి మాత్రం హాయిగా ఉంటే, రక్తం ఏ ట్యూబులో తీశారో అడగండి. పచ్చమూత ట్యూబుల్లో గడ్డ కట్టకుండా లిథియం హెపారిన్ ఉంటుంది, అందులో తీస్తే లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఆరు నెలలకోసారి క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం చూడాలి.

ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే లిథియం పేరుకుపోతుంది. మే నెల ఎండల్లో పొలం పనికో, బైకు మీద తిరిగే ఉద్యోగానికో వెళ్లేవాళ్లు, వాంతులు విరేచనాలు పట్టుకున్నవాళ్లు, నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు చేసేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఏదో జబ్బు చేసిందని చప్పిడి పథ్యం పెడతారు చూడండి, లిథియం వాడే మనిషికి అలా ఒక్కసారిగా ఉప్పు ఆపకూడదు. మందుల షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలు, అంటే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్, లెవెల్ పెంచుతాయి. ఒంటినొప్పికి పారాసెటమాల్ చాలు. బీపీకి మన దగ్గర చాలామంది వాడే టెల్మిసార్టాన్, దానికి జోడీగా ఉండే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా అంతే. బీపీ చూసే డాక్టరుకి లిథియం సంగతి తెలియాలి. వేళ్లు సన్నగా వణకడం మామూలు. చెయ్యి పెద్దగా వణకడం, అడుగు తడబడటం, మాట ముద్దగా రావడం, విరేచనాలు, మగత కలిసి వస్తే లిథియం ఒంట్లో మితిమీరి విషంలా మారిందని అర్థం. తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి లెవెల్ చేయించాలి. అలాంటిదేమీ లేకుండా, కేవలం బాగుపడ్డానని లిథియం టక్కున మానేయడం వేరే ప్రమాదం. మేనియా త్వరగా తిరగబెడుతుంది. ఆపాల్సి వస్తే కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలల మీద దించాలి.

వాల్‌ప్రోయేట్ మేనియాకి బలమైన మందు, డిప్రెషన్ మీద ఓ మోస్తరు. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లకి మాత్రం వేరే దారి ఉన్నంత వరకూ రాయకూడదు. గర్భంలో ఇది వాడితే పుట్టే పిల్లల్లో దాదాపు 10 శాతం మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల, చదువు సమస్యలు వస్తాయి. ఫోలిక్ యాసిడ్ వేసినా ఆ ముప్పు పోదు. పెళ్లి కాని అమ్మాయికి ఈ మందు రాసి ఈ మాట చెప్పకుండా పంపడం పెద్ద తప్పు. మగవాళ్ల విషయంలో కూడా గర్భధారణకు ముందు మూడు నెలల్లో ఇది వాడితే పిల్లలకు కొద్దిపాటి ముప్పు ఉండొచ్చని యూరప్ ఔషధ సంస్థ 2024లో జాగ్రత్త చెప్పింది. మీ తమ్ముడి పెళ్లి మాట నిజంగా వచ్చేనాటికి ఇది డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం.

పెళ్లి ఈ జబ్బుకి మందు కాదు. పైగా వారం రోజుల హడావుడి, తెల్లవారుజాము ముహూర్తం, నిద్రలేని రాత్రులు బైపోలార్ ఉన్న మనిషిని మేనియాలోకి తోసే పరిస్థితులే. ముందు కుదుటపడాలి, కనీసం కొన్ని నెలలు నిలకడగా ఉండాలి, అవతలి కుటుంబానికి దాచకుండా చెప్పాలి. ఆ తర్వాత బైపోలార్ ఉన్నవాళ్లు కూడా పెళ్లి చేసుకుని బాగానే కాపురం చేస్తారు.

మీరు భయపడుతున్న "కరెంటు పెట్టడం", అంటే ఈసీటీ, మిగతా దారులన్నీ మూసుకుపోయాక చేసే చివరి ప్రయత్నం అనుకోకండి. మనిషి తిండీ నీళ్లూ మానేసినా, బిగుసుకుపోయి మాట పలుకు లేకుండా ఉన్నా, చచ్చిపోవాలన్న పట్టుదల బలంగా ఉన్నా, రెండు మూడు సరైన మందులు సరైన మోతాదులో విఫలమైనా ఇదే అన్నిటికంటే త్వరగా పని చేస్తుంది. మందులకి లొంగని బైపోలార్ డిప్రెషన్ మీద నార్వేలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో ఈసీటీ తీసుకున్నవాళ్లలో దాదాపు 74 శాతం మందికి గుణం కనిపించింది, మందులు మార్చి చూసినవాళ్లలో 35 శాతం మందికి. పూర్తిగా కోలుకున్నవాళ్ల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా లేదు.

సినిమాల్లో చూపించే పద్ధతి ఇప్పుడు లేదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 ప్రకారం మత్తు ఇవ్వకుండా, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడం నిషేధం. పొద్దున పరగడుపున తీసుకెళ్తారు, నిద్రపుచ్చుతారు, కొన్ని సెకన్ల కరెంటు, నిమిషం లోపు ఫిట్, అదీ మానిటర్ మీద కనిపిస్తుందే తప్ప ఒళ్లు ఎగిరిపడదు. అరగంటలో లేస్తారు. వారానికి రెండు మూడు చొప్పున 6 నుంచి 12 దాకా పడతాయి. వాల్‌ప్రోయేట్, లోరాజెపామ్, క్లోనాజెపామ్ ఫిట్ రానివ్వవు కాబట్టి వాటిని ముందుగా తగ్గిస్తారు. లిథియం కూడా తగ్గించడమో ఆపడమో చేస్తారు. ఇంట్లో వేసే ప్రతి మాత్ర గురించీ మత్తు డాక్టరుకి చెప్పాలి. లేచాక తలనొప్పి, కాసేపు తికమక మామూలు. వైద్యం జరిగిన వారాల్లోని సంగతులు కొన్ని మర్చిపోవచ్చు, అవి కొందరికి తిరిగి రావు. కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి సాధారణంగా కొన్ని వారాల్లో కోలుకుంటుంది. ఈసీటీతో బాగయ్యాక మందులు మానేస్తే జబ్బు త్వరలోనే తిరగబెడుతుంది.

కెటమిన్ గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. గంటల్లో ఊరట ఇస్తుంది, కొద్ది రోజులే నిలుస్తుంది, బైపోలార్‌లో ఆధారాలు ఇంకా తక్కువ. పైన చెప్పినవి సరిగా వాడి చూడకుండా ఖర్చు పెట్టి దాని దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

మందు పని చేస్తోందో లేదో ఎప్పుడు తేల్చాలి? సరైన మోతాదు చేరాక రెండు వారాలకి కొంచెమైనా కదలిక ఉండాలి: కాస్త ముందు లేవడం, ఒకటి రెండు మాటలు ఎక్కువ మాట్లాడటం, తిండి మెరుగవడం. ఇంట్లోవాళ్లే దీన్ని ముందు పసిగడతారు. రెండు వారాలకి ఏ మార్పూ లేకపోతే మోతాదు, వేసుకునే పద్ధతి, మాత్రలు నిజంగా మింగుతున్నాడా అన్నవి మళ్లీ చూసి, ఆ తర్వాత మార్పు గురించి ఆలోచిస్తారు. పూర్తి గుణానికి ఆరు వారాలు ఇవ్వాలి. వారానికో మందు మారిస్తే ఏదీ పరీక్షకి నిలవదు.

ఇంట్లో మీరు చేయగలిగింది చిన్నది కాదు. ఒక నోటుబుక్కులో రోజుకో వరుస రాయండి: ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, మూడ్ ఎంత (మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా అతన్నే అడిగి), మాత్రలు వేశాడా, ఆ రోజు ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా. మూడు వారాల వరుసలు ఉంటే పది నిమిషాల ఓపీలో డాక్టరుకి నాలుగు నెలల కథ చెప్పక్కర్లేదు. మూడ్ ప్లస్‌లోకి వెళ్తూ నిద్ర గంటలు తగ్గుతుంటే, నాలుగు గంటలు పడుకుని కూడా హుషారుగా ఉంటే, అది కోలుకోవడం కాకపోవచ్చు, మేనియా మొదలవుతుండొచ్చు. ఆ వారమే చూపించాలి.

లేచే సమయం రోజూ ఒకటే ఉండాలి, రాత్రి నిద్ర పట్టకపోయినా సరే. స్నానం చెయ్యి, ఉద్యోగం వెతుక్కో అని పెద్ద పనులు చెప్పకండి. పళ్లు తోముకుని వరండాలో పది నిమిషాలు వెలుతురులో కూర్చోవడంతో మొదలుపెట్టి, వారం తర్వాత వీధి చివరి దాకా నడక, ఆ తర్వాత ఇంకొకటి. మధ్యాహ్నం బలమైన లైటు ముందు కూర్చోవడం బైపోలార్ డిప్రెషన్‌కి ఉపయోగపడుతుందని పరీక్షల్లో తేలింది. పొద్దున్నే కళ్లలోకి పడే బలమైన లైటు కొందరిలో చిరాకు కలిసిన మూడ్‌ను రేపొచ్చు, అందుకే మధ్యాహ్నం. కౌన్సెలింగ్ దొరికితే, బైపోలార్ తెలిసిన సైకాలజిస్టు దగ్గర కుటుంబంతో కలిపి చేసేది ఎంచుకోండి. స్టెప్-బీడీలోనే, కుటుంబంతో కలిసి గానీ ఒక్కరికి గానీ నెలల పాటు చేసిన థెరపీ, మందులకి తోడైనప్పుడు త్వరగా కోలుకోవడానికి సాయపడింది. "నీకేం తక్కువ, లేచి పని చూసుకో" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి. అది విన్న రోజున రోగి మాత్ర కూడా వేసుకోడు.

ఒక సంగతి సూటిగా అడగాలి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు ఉంటే ఇవాళే బయటికి పంపేయండి, మాత్రలు మీ దగ్గర తాళంలో పెట్టి ఏ పూటవి ఆ పూటే ఇవ్వండి, వారం పదిరోజులకి మించి ఇంట్లో నిల్వ ఉంచకండి. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయమైతే 108. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ మానసిక ఆస్పత్రులున్నాయి. జిల్లా ఆస్పత్రుల్లోనూ, మెడికల్ కాలేజీల్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంటుంది.

వచ్చే అపాయింట్‌మెంటుకి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, రెండేళ్ల నాటి డిశ్చార్జి కాగితం, పాత చీటీలన్నీ, వేస్తున్న మాత్రల స్ట్రిప్పులు, చెప్పిన రక్తపరీక్షల రిపోర్టులు పట్టుకెళ్లండి. ఎస్సిటలోప్రామ్ దించుదామా, క్వెటియాపిన్‌ని 300కి తీసుకెళ్దామా లేక లురాసిడోన్‌కి మారుద్దామా, వెనకాల లామోట్రిజిన్ కడితే వాల్‌ప్రోయేట్‌తో సగం మోతాదు లెక్క ఎలా, లిథియం ఇదివరకు ఎప్పుడైనా సరైన లెవెల్లో వాడి చూశారా, ఎన్ని వారాలకి మళ్లీ చూస్తారు, ఏం జరిగితే ఆలోపే రావాలి: ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, జవాబులు కూడా అక్కడే రాసుకోండి.